పడవ నీడలో చెప్పిన చదువు

ఈ సంగతి గురించి ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. అడగవలసిన వాళ్ళు అడగలేదు, చెప్పవలసిన వాళ్ళు చెప్పలేదు, నేనే నోరు తెరిస్తే "ముసలాయనకి మళ్ళీ మొదలైంది" అని పక్కవాళ్ళ చెవుల్లో చెప్పుకున్నారు. పెళ్ళిళ్ళలో చెప్పాను. చావు ఇళ్ళలో చెప్పాను. మా గుడి వార్షికోత్సవానికి సంచిక వేస్తున్నామంటే కాగితానికి రెండు వైపులా నిండా రాసి పంపాను. వాళ్ళు దాన్ని వేయలేదు సరికదా, ఎందుకు వేయలేదో ఒక కార్డు ముక్కైనా రాయలేదు. పైగా సంచిక చివర పేర్లు అచ్చేసిన చోట నా ఇంటిపేరు తప్పు కొట్టారు. ఇన్నేళ్ళూ నేను ఓర్చుకున్నానని అందరూ అనుకుంటున్నారు. నేను ఓర్చుకోలేదు, గుర్తుపెట్టుకున్నాను. పోయిన నెల నెల్లూరులో జరిగిన సన్మానసభ నుంచి ఇంటికొచ్చాక, ఇక వీళ్ళు అడిగేదాకా ఆగితే నా కాలం తీరిపోతుందని, నేనే రాయడానికి కూర్చున్నాను.

సన్మానం మా అన్న పెద్దకూతురికి. ఆడపిల్లల హైస్కూలులో హెడ్మిస్ట్రెసుగా చేసి రిటైరయి చాలా ఏళ్ళయింది. ఆమెకూ ఇప్పుడు జుట్టంతా నెరిసింది, మెట్లెక్కాలంటే ఒకరి చెయ్యి పట్టుకోవాలి. పాత విద్యార్థినులంతా కలిసి సభ చేశారు. నాకు ఆహ్వానం రాలేదు. మా వీధి చివర మందుల షాపు అద్దానికి అంటించి ఉంటే చూసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆటోలో వెళ్ళాను. హాల్లో నాకు దొరికిన కుర్చీకి ముందు ఒక స్తంభం ఉంది. కుడివైపు వంగితే ఆమె మెడలో పూలదండ, ఎడమవైపు వంగితే మైకు కనిపించేవి, మనిషి మొత్తంగా ఒక్కసారీ కనిపించలేదు. బాగానే మాట్లాడింది. గొంతు ఇంకా స్పష్టంగా ఉంది, ఒక్క అక్షరం మింగదు. తనకు మొదట చదవడం నేర్పింది చిన్ననాటి ఊరి గుళ్ళో ఆదివారం బడి నడిపిన అమ్మగారని, ఆమె ఒడిలో కూర్చునే అక్షరాలు నేర్చుకున్నానని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి "అది కాదు" అన్నాను. బాడ్జీ పెట్టుకున్న ఒకావిడ పరుగున వచ్చి నా భుజం మీద చెయ్యేసి, "కూచో పెద్దాయనా, కంగారుపడబాక. టిఫిను అందరికీ ఉండాది" అంది. ఆ టిఫిను పొట్లం ఇంటికి తెచ్చాను. ఇంకా విప్పలేదు. విప్పను.

ఇక మొదటి నుంచి చెబుతాను. నయా పైసలు కొత్తగా వచ్చి, సంతలో ముసలమ్మలు ఇంకా అణాల్లోనే బేరమాడుతున్న రోజులు. టీచరు ట్రైనింగు ముగించుకుని, ఉద్యోగం లేక, నేను మా అన్న ఇంటికి చేరాను. విడవలూరు దాటి సముద్రం వైపు నడిస్తే మొలకొలుకుల వరి పండే కయ్యలు అయిపోయి ఇసుక మొదలవుతుంది, ఆ తర్వాత పడవలు తిరిగే కాలవ వస్తుంది. కాలవకూ సముద్రానికీ మధ్య, సరుగుడు తోపుల్లో ఉండేది ఆ ఊరు. అన్న ఉప్పు కొటారులో గుమాస్తా. ఊరి బడిలో పంతులు ఖాళీ ఉందని, అది నాకే ఇప్పిస్తానని గుడి అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు, అన్నకు మాటిచ్చారు. నేను ట్రంకుపెట్టెతో పడవ దిగేసరికి ఆ ఉద్యోగంలో అమ్మగారి తమ్ముడు కూర్చుని ఉన్నాడు. అమ్మగారంటే అయ్యగారి భార్య. ఆ తమ్ముడికి ట్రైనింగు లేదు గానీ పాట పాడే గొంతు ఉంది. పొద్దున పిల్లలకు పాటలు నేర్పి మధ్యాహ్నం బల్ల మీద కునుకు తీసేవాడు. ఇదేమిటని నేను అయ్యగారిని అడిగితే, "దేవుని చిత్తం నాయనా" అన్నారు. దేవుని చిత్తం ఎప్పుడూ అమ్మగారి పుట్టింటివైపే ఎందుకు మొగ్గుతుందో ఆయన చెప్పలేదు.

నాకు అప్పటికే ఉబ్బసం. వానపడే ముందు, మబ్బు కంటే ముందు నా దగ్గు వచ్చేది. అది అంటుకునే జబ్బు కాదని నెల్లూరు డాక్టరు చీటీ రాసిచ్చినా, మా వదిన నాకోసం వేరే గ్లాసు పెట్టింది. అల్యూమినియం గ్లాసు, అంచు దగ్గర సొట్ట. ఆ సొట్ట తగలకుండా తాగాలంటే గ్లాసును ఏ వైపు తిప్పాలో ఇప్పటికీ నా చేతికి తెలుసు. వదిన చెడ్డమనిషి కాదు, నాకు చేపల పులుసులో మంచి ముక్కే వేసేది, కాకపోతే దూరం నుంచి వేసేది. వసారా చివర తడిక కట్టిన గది నాది. పొద్దెక్కితే అన్న కొటారుకు పోయేవాడు, ఊళ్ళో మగవాళ్ళు ఉప్పుమళ్ళకో వలల మీదికో పోయేవాళ్ళు. మధ్యాహ్నం సరుగుడు చెట్లు బుసకొట్టడం తప్ప ఊరంతటా చప్పుడు ఉండేది కాదు. నాతో మాట్లాడే మనిషి లేడు. కాలవ గట్టున నిలబడితే, పోయే పడవల మీదనుంచి ఎవడో ఒకడు "యాడికి సామీ?" అని కేకేసేవాడు. "యాడికీ లే" అని నేను కేకేసేవాణ్ణి. కొన్ని రోజుల్లో ఉదయం నుంచి సాయంత్రం దాకా నేను మాట్లాడిన మాటలు అవే.

ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. పెద్దపాపకు ఆరేళ్ళు నిండుతున్నాయి, చిన్నదానికి నాలుగు. పెద్దపాప చదువు ఆ ఊరికంతా గొప్ప. సాయంత్రం దీపం పెట్టగానే చాప పరిచి ఇంటి ప్రార్థన చేసేవాళ్ళు. ఆ పిల్ల ఒడిలో పెద్ద పుస్తకం పెట్టుకుని, వేలు వరస వెంట జరుపుతూ ఒక కీర్తన గడగడా చదివేది. ఎక్కడా ఆగేది కాదు. పక్క వీధివాళ్ళు కూడా వినడానికి వచ్చి వసారాలో కూర్చునేవాళ్ళు. అమ్మగారి ఆదివారం బడిలో నేర్చుకుందని వదిన మురిసిపోయేది, అన్న అయితే మీసం సవరించుకునేవాడు. నేనూ మొదట్లో మెచ్చుకున్నాను. రోజూ అదే కీర్తన ఎందుకని మాత్రం కొంచెం అనుమానంగా ఉండేది. ఒకరోజు తూర్పు కిటికీలోంచి గాలి విసురుగా వచ్చి నాలుగైదు పేజీలు ఒక్కసారిగా తిరగేసింది. పిల్ల ఆగలేదు. తిరిగిపోయిన పేజీ మీద అలాగే వేలు జరుపుతూ, అదే కీర్తన, అంతే గడగడా చివరిదాకా చదివి పుస్తకం మూసింది. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను మూసుకోలేదు.

"అన్నా, పేజీ తిరిగిపోయిందే. పాప చదవడంలా, వప్పజెప్తా ఉండాది" అన్నాను.

ఆ మాట ఆరోజు అనకుండా ఉండవలసిందని తర్వాత చాలామంది నాతో అన్నారు. నాకు అలా ఎప్పుడూ అనిపించలేదు. వసారాలో ఉన్నవాళ్ళు గొంతులు సవరించుకున్నారు. వదిన పుస్తకం తీసి గూట్లో పెట్టి, "ఏందయ్యా నువ్వు, పసిబిడ్డ మీదా నీ ఏడుపు? ఉద్దోగం రాలేదని అమ్మగారి మీద కోపముంటే ఆమెనే అడుగు పో, నా బిడ్డ జోలికి రాబాక" అంది. అన్న లేచి చాప చుట్టేశాడు. నాకు అదే ఎక్కువ తగిలింది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దపాప నా తడిక దగ్గరికి వచ్చింది. ఏడ్చిన జాడ లేదు. "చదవడమంటే అట్టా కాదా చిన్నాయనా?" అని అడిగింది. పిల్ల అబద్ధమాడిందని నేనన్నట్టు ఇంట్లో వాళ్ళు అనుకున్నారు గానీ, అది అబద్ధం కాదు. మా గుళ్ళో ముందు చాపలమీద కూర్చునే అవ్వల్లో సగంమందికి అక్షరం ముక్క రాదు. అయినా పాటల పుస్తకం చేతిలో లేకపోతే మర్యాద కాదని ప్రతి అవ్వా ఒక పుస్తకం తెచ్చుకునేది. దాన్ని తెరిచి, ఒక్కోసారి తలకిందులుగా పట్టుకుని, పాటంతా పొల్లుపోకుండా పాడేది. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి చూసింది అదే. వచ్చిన మాటను నోటితో చెబుతూ పుస్తకాన్ని పట్టుకోవడమే చదువు అనుకుంది. పెద్దవాళ్ళందరూ చేసే పనిని తాను వాళ్ళకంటే బాగా చేస్తోంది. మరి ఈ చిన్నాయన ఎందుకు తప్పంటున్నాడో తెలుసుకోవడానికి వచ్చింది. ఆ ఊళ్ళో నన్ను నిజంగా ఒక ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె.

కాలవ గట్టున తారు పూయడానికి దుంగల మీద తిరగేసి పెట్టిన పడవ ఒకటి ఉండేది. దాని యజమాని తారు కొనకముందే ఏదో తగాదాలో పడి దాన్ని మరిచిపోయాడు. ఆ పడవ కింద ముగ్గురు కూర్చునేంత నీడ. వదిన మధ్యాహ్నం నడుం వాల్చగానే పిల్లలిద్దరూ అక్కడికి వచ్చేవాళ్ళు. వదినకు తెలియదని కాదు, తెలిసే ఊరుకుంది. ఎండలో తిరక్కుండా ఉంటారు కదా అనుకుని ఉంటుంది. పెద్దపాపకు గుణింతం పాటలాగా వచ్చు. గుడిస్తే కి, కొమ్మిస్తే కు అని ఊగుతూ పాడేది. ఆ పాటలోంచి ఒక్క అక్షరం బయటికి లాగి ఇదేమిటంటే మాత్రం మళ్ళీ మొదటి నుంచి పాడుకుంటూ రావాలి. అందుకని నేను పాట ఆపించాను. ముందు నోటికి పని చెప్పాను. కాకి ఈక ఒకటి నోటి ముందు పట్టుకుని క అంటే ఈక కదలదు, ఖ అంటే ఊగుతుంది. గ అంటే కదలదు, ఘ అంటే ఊగుతుంది. ఈక దొరకనప్పుడు అరచెయ్యి నోటికెదురుగా పెట్టుకోవాలి, ఒత్తు అక్షరమైతే అరచేతికి ఊపిరి తగులుతుంది. ముక్కు మూసుకుని మ అనమంటే బ వస్తుంది. ఈ ఒక్క పాఠం చిన్నదానికి విపరీతంగా నచ్చి, ఇంటికి పోయి ముక్కు పట్టుకుని వాళ్ళమ్మను రోజంతా "అబ్బా, అబ్బా" అని పిలిచింది. వదిన పిల్లకు జలుబు చేసిందని మిరియాల కషాయం తాగించింది.

పలక ఒకటే ఉండేది, బలపాలు చిన్నది తినేసేది. కాబట్టి మా పలక ఇసుకే. పొడి ఇసుకలో గీత నిలవదు, పక్కలు జారి పూడిపోతుంది. కాలవ అంచున నీళ్ళు తగిలిన ఇసుకలో వేలితో రాస్తే సాయంత్రం దాకా చెక్కినట్టు ఉంటుంది. "రాసేముందు ఇసక చూసుకో" అని పెద్దపాపకు రోజూ చెప్పేవాణ్ణి. సముద్రపు ఒడ్డున ఏరిన గుల్లలతో గుణింతం పెట్టించేవాణ్ణి. సరుగుడు ఆకు విరిచి పెడితే తలకట్టు, గుండ్రటి గుల్ల బోర్లిస్తే గుడి, మెలికల నత్తగుల్ల పక్కన పెడితే కొమ్ము. పిల్ల తన చేత్తో నత్తగుల్ల జరిపి క పక్కన పెట్టి, పెట్టాక నోటితో కు అని పలికి, నా మొహంలోకి చూసేది. వత్తులు చెప్పడానికి గట్టు మీద చిన్న గండి పనికొచ్చింది. ఉప్పు అనాలంటే ఉప్ దగ్గర గండికి ఇవతల ఆగి, పు అంటూ అవతలికి దూకాలి. అమ్మ, అక్క, చెప్పు, కప్ప, ఊళ్ళో ఉన్న వత్తులన్నీ అలా దూకాం. నేను దూకలేను, దగ్గొస్తుంది. చేత్తో దూకి చూపించేవాణ్ణి.

ఆమె మొదట చదివిన మాట అల. తర్వాత వల, పడవ, కలప. దీర్ఘాలు లేవు, గుడులు లేవు, ఉన్నదున్నట్టు పలికితే మాట వస్తుంది. అల అని కూడబలుక్కుని, రెండుసార్లు అనుకుని, ఒక్కసారిగా సముద్రం వైపు తిరిగింది. ఆ తిరగడం చూశాక నాకు ఆ ఊరి బడిలో ఉద్యోగం రానందుకు ఉన్న కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గలేదు. కోతలు దగ్గరపడుతుండగా ఒకరోజు కట్టెల పడవ ఒకటి గెడలేసుకుంటూ పోతోంది. దాని పక్కన తెల్లరంగుతో పేరు రాసి ఉంది. పిల్ల నన్ను అడగకుండానే లేచి "రా... రాజ..." అని మొదలుపెట్టింది. పడవ ఆగదు కదా. ఆమె గట్టు వెంట పరుగెత్తుతూ, తుమ్మ కంప తప్పించుకుంటూ, అక్షరం వెంట అక్షరం పట్టుకుంటూ పోయింది. వత్తు దగ్గర అలవాటు ప్రకారం ఆగి దూకింది కూడా. పడవవాళ్ళు పిచ్చిపిల్ల అనుకుని నవ్వారు. చాలా దూరం పోయి, రొప్పుతూ తిరిగొచ్చి, "రాజమ్మ, చిన్నాయనా! రాజమ్మే! ఇంగో మాట ఉండాది గానీ అది పోయింది" అంది. ఆ రెండో మాట ఏమిటని నన్ను అడిగింది. నాకు చూపు ఆనలేదు, చెప్పలేకపోయాను. "మళ్ళీ వస్తుందిలే" అన్నాను.

మా గుళ్ళో ఒక ఆచారం ఉండేది. వరికోతలయ్యాక కోతపండగ చేసేవాళ్ళు. ఆ రోజు, ఆ ఏడు చదువొచ్చిన పిల్లల్ని ముందు నిలబెట్టి పెద్ద పుస్తకంలోంచి చదివించి, చదివిన బిడ్డ చేతికి అయ్యగారు కొత్త వరికంకి ఇచ్చేవారు. ఆ కంకిని తెచ్చి ఇంటి గుమ్మానికి కట్టుకునేవాళ్ళు. ఏడాదంతా అది అక్కడే ఎండుతూ ఉండేది, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూసేవాళ్ళు. ఎవరు ఏం చదవాలో అమ్మగారు ముందే చెప్పేది, పిల్లలు దాన్ని కంఠతా పట్టేవాళ్ళు. పెద్దపాపకు ఆ పాత కీర్తనే. గుమ్మానికి ఎక్కడ మేకు కొట్టాలో వదిన అప్పటికే చూసిపెట్టుకుంది. నేను పండగకు ముందు అయ్యగారి ఇంటికి పోయి, "మా పాపకు వచ్చిన పేజీ కాదు, మీకు తోచిన పేజీ ఇయ్యండి" అని అడిగాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఎందుకు నాయనా, పండగపూట" అన్నారు. "చదువు వచ్చిన బిడ్డకు ఏ పేజీ అయితేనేం అయ్యా" అన్నాను. ఆయన సరేనన్నారు. పిల్లకు కూడా ముందే చెప్పాను. "ఏ పేజీ వచ్చినా బెదరబాక. ముందు చూడు, తర్వాత పలుకు" అన్నాను. "సరే చిన్నాయనా" అంది. ఇంట్లో చెప్పబాకని నేను అనలేదు, ఆమే చెప్పలేదు.

పండగనాడు గుడి నిండా కొత్త గడ్డి వాసన, వేలానికి తెచ్చిన గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. నా దగ్గు పాటకు అడ్డమని నన్ను తలుపు దగ్గర నిలబెట్టారు. ముందు ఉప్పు మేస్త్రీ కొడుకు తనకిచ్చిన భాగం ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పి, పుస్తకం వైపు చూడనైనా చూడకుండా కంకి పుచ్చుకుని పోయాడు. తర్వాత పెద్దపాప. అయ్యగారు పుస్తకం తీసుకుని కొన్ని పేజీలు తిప్పి ఆమె ముందు పెట్టారు. పిల్ల చూసింది. అది తన కీర్తన కాదు. వదిన చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాప తలెత్తి జనంలో నాకోసం వెతికింది. నేను తలుపు దగ్గరనుంచి అరచెయ్యి ఎత్తి నోటికెదురుగా పెట్టుకున్నాను. ఆమె పుస్తకంలోకి వంగి మొదలుపెట్టింది.

ఒక్కో అక్షరం. ఒక్కోచోట వెనక్కి పోయి మళ్ళీ పట్టుకుంది. వత్తు వచ్చిన ప్రతిచోటా ఆగి, మడమలెత్తి, చిన్నగా దూకింది. ఆ దూకుడు చూసి పిల్లలు కిసుక్కుమన్నారు. మూడు వరసలు చదవడానికి పట్టిన సేపట్లో అమ్మగారు రెండుసార్లు విసనకర్ర చెయ్యి మార్చుకుంది. కానీ చదివింది. జన్మలో చూడని మూడు వరసలు, తప్పులేకుండా, ఎవరూ అందివ్వకుండా చదివింది. నా ట్రైనింగు సర్టిఫికెట్టు చేతికి వచ్చిన రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. ఆ గుడి మొత్తంలో ఆ సంతోషం నాకొక్కడికే కలిగింది.

"మొన్నటిదాకా ఇంటికాడ బాగా చదివినాదే, నీళ్ళు తాగినట్టు" అంది ముందు చాప మీద అవ్వ ఒకామె, చేతిలో పుస్తకం పట్టుకుని. ఇంకొకామె, "దిష్టి తగిలుంటాది" అంది. అయ్యగారు కంకి చేతిలోకి తీసుకుని అమ్మగారి వైపు చూశారు. ఆమె తల అడ్డంగా తిప్పి, అందరికీ వినిపించేట్టు మెత్తగా, "బిడ్డకు ఇంకా నోరు తిరగలేదు. వచ్చే ఏడు చూద్దాంలే తల్లీ" అంది. కంకి మళ్ళీ బల్ల మీదికి పోయింది. అప్పజెప్పినవాడికి కంకి, చదివిన పిల్లకు వచ్చే ఏడు. నేను తలుపు దగ్గరనుంచి "అయ్యా, ఆ పిల్ల ఒక్కతే చదివింది" అని గట్టిగా అనబోయాను. అనే సమయానికి దగ్గు అందుకుంది. అది తగ్గి నేను తలెత్తేసరికి గుమ్మడికాయల వేలం మొదలైంది.

ఇంటికొచ్చాక వదిన నాతో ఎక్కువ మాట్లాడలేదు. "గడగడా చదివే బిడ్డను నత్తిదాన్ని చేసినావు గదయ్యా. నీకు మేమేం ద్రోహం చేసినాం?" అంది, అంతే. చాటలో పోసి ఉంచిన గుల్లలు తీసుకుపోయి పెంటలో పారబోసింది. పిల్ల మూలన కూర్చుని గోడకు తిరిగింది. నాతో మాట్లాడలేదు. మర్నాడూ మాట్లాడలేదు, పడవ కిందికి రాలేదు. నేను మధ్యాహ్నమంతా ఆ నీడలో ఒక్కణ్ణే కూర్చుని ఇసుక తడిపి, ఎవరికోసమో తెలియకుండా అల, వల, పడవ అని రాసుకున్నాను. ఆ వారంలోనే అన్న కొటారు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "తడ పక్క బడిలో మనిషి కావాలంట. నీ సంగతి చెప్పినాను. పడవ పొద్దున్నే పోతాది" అన్నాడు. ఉద్యోగం ఇప్పించాడని కృతజ్ఞత చూపించలేదని అన్న తర్వాత ఎవరితోనో అన్నాడట. పంపించిన తీరు కూడా ఆయన వాళ్ళకు చెప్పి ఉంటే బాగుండేది.

పొద్దున పడవ ఎక్కడానికి నాకు తోడు ఎవరూ రాలేదు. ట్రంకుపెట్టె మీద కూర్చున్నాను. గెడ దింపి పడవను గట్టు నుంచి తోశాక చూస్తే, తిరగేసిన పడవ దగ్గర పెద్దపాప ఉంది. పిలిచాను. పలకలేదు. నీళ్ళ అంచుకు వచ్చి, వంగి, అరచేత్తో ఇసుక సరిచేసి, తడి ఉన్న చోటు చూసుకుని, వేలితో రాయడం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద అక్షరాలు. నేను లేచి నిలబడ్డాను. "కూచో సామీ, పడవ బోర్లపడతాది" అని పడవవాడు కసిరాడు. అక్షరాలు ఆమె వైపు నుంచి సరిగ్గా ఉన్నాయి, నాకు తలకిందులు. మొదటిది చి అనిపించింది. గుడి మాత్రం గట్టిగా తెలుసు. తర్వాత కింద ఒక వత్తు. ఆ తర్వాత ఇంకా రాస్తూనే ఉంది, వరస చాలా పొడుగు. నేను పడవ వెనక చివరకు పోయి మెడ సాచాను. ఈలోగా మా పడవ రేపిన అల నెమ్మదిగా గట్టు చేరింది. ఆమె రాయడం ఆపి, వెనక్కి అడుగేసి, చూస్తూ నిలబడింది. కాలవ మలుపు తిరిగింది.

తడ పక్క ఊళ్ళో పిల్లలు ఇంట్లో అరవం, బడిలో తెలుగు మాట్లాడేవాళ్ళు. అక్కడా కాకి ఈకలు పనిచేశాయి. పిల్లలు వస్తూ పోతూ ఉన్నారు, నేను ఒక్క గదిలో, ఒక్క గ్లాసుతో ఉండిపోయాను. ఆ గ్లాసు నేనే కొనుక్కున్నాను, సొట్టలేనిది. అన్న ఏడాది తర్వాత కార్డు రాశాడు. కోతపండగలో పెద్దపాప ఏ పేజీ ఇచ్చినా చదివిందని, కంకి ఇచ్చారని, అమ్మగారి శ్రమ ఫలించిందని రాశాడు. ఏ పేజీ ఇచ్చినా అన్నమాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. అమ్మగారి బడిలో ఏ పేజీ ఇచ్చినా చదివిన పిల్ల ఇంకొకరు ఎవరైనా ఉన్నారా అని తిరుగు టపాలో అడిగాను. జవాబు రాలేదు. ఇప్పుడు అన్నా లేడు, వదినా లేదు, అయ్యగారూ అమ్మగారూ లేరు. చిన్నది ఎక్కడో కూతురి దగ్గర ఉంటోంది, దానికి కషాయం తప్ప ఏమీ గుర్తులేదంటుంది. మిగిలింది మేమిద్దరం.

ఆమె పెళ్ళిలో ఆమెను అడిగాను. "ఇప్పుడా చిన్నాయనా" అని తల వంచుకుంది. వాళ్ళ నాయన పోయినప్పుడు అడిగాను. అది సమయం కాదని నన్ను బయటికి తీసుకుపోయారు. పోయిన నెల సభ అయ్యాక, జనాన్ని తోసుకుంటూ మెట్ల దాకా పోయి, పూలదండతో నిలబడి ఉన్న ఆమెను మళ్ళీ అడిగాను. "చిన్నాయనా, బాగుండావా? ఆ దగ్గు తగ్గిందా?" అంది. "దగ్గు సంగతి పక్కన పెట్టు. ఆ పొద్దు ఇసకలో ఏం రాసినావు?" అన్నాను. ఫోటో తీసే మనిషి "పెద్దాయనా, కొంచెం పక్కకి" అని నన్ను జరిపాడు. జరుగుతూ చూశాను. ఆమె అరచెయ్యి ఎత్తి నోటికెదురుగా పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికి అయి ఉండవచ్చు. పూలదండ వాసనకు తుమ్ము వచ్చి ఉండవచ్చు. వెంటనే చెయ్యి దించి ఫోటోకు నిలబడింది.

దాన్ని నేను జవాబుగా ఒప్పుకోను. అంత దూరం నుంచి చెయ్యి చూపించి సరిపెట్టుకోవడం నేను నేర్పిన పద్ధతే అయినా సరే, ఒప్పుకోను. అమ్మా, ఆ ఇసుకలో నువ్వు నన్ను తిట్టి ఉన్నా నాకు కోపం లేదు. కంకి పోయిన పిల్లకు తిట్టే హక్కు ఉంది, వత్తులు సరిగ్గా పడి ఉంటే చాలు. అమ్మగారి పేరు వేదికల మీద ఎన్నిసార్లయినా చెప్పుకో, దాన్ని కూడా నేను గుర్తుపెట్టుకుంటాను, అంతే. కట్టెల పడవ మీద రెండో మాట చదవడానికి నువ్వు ఎంత దూరం పరుగెత్తావో నాకు తెలుసు. నేను అంతకంటే ఎక్కువ దూరమే వచ్చాను, నా పడవ కూడా ఆగలేదు. ఇన్నేళ్ళు గడిచినా నాకు అందింది ఒక గుడి, ఒక వత్తు మాత్రమే. మిగతాది నీ దగ్గర ఉంది. మనిద్దరిలో ఎవరమో ఒకరం మలుపు తిరిగిపోకముందే చెప్పు: ఏం రాశావు?